ఊక బూడిద, ఐదు సార్లు

మా నరసన్నపేట వైపు ఉప్పుడు మిల్లుల్లో ధాన్యం ఉడికించడానికి బాయిలర్లో ఊకే వేస్తారు. మిగిలిన బూడిదలో చాలావరకు సిలికా. పీహెచ్‌డీలో చేరిన ఏడాది సంచెడు బూడిద ఎత్తుకెళ్లాను. "ఏటి సేత్తావు బాబూ దీన్తో?" అన్నాడు కలాసీ. పొగలో బొగ్గుపులుసు గాలి పట్టడానికన్నాను. నవ్వాడు.

కాస్టిక్ సోడాలో మరిగించి, ఆమ్లం పోసి తెల్లటి సిలికా తీశాను. దాని రంధ్రాల్లో పాలీఇథిలీనిమీన్ అనే జిగట అమీన్ నింపాను. 2002లో పెన్ స్టేట్‌లో చున్‌షాన్ సాంగ్ బృందం చూపిన దారే అది. 75 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను పడుతుంది, 105కి వేడిచేసి నైట్రోజన్ ఊదితే వదులుతుంది. ఐదు సార్లు తిప్పితే ఐదు సార్లూ అంతే పట్టింది. పోస్టర్ మీద "స్థిరమైన పనితీరు" అని రాసేశాను.

"నైట్రోజన్ ఊది వదిలిస్తే, పట్టిన గ్యాసు మళ్లీ కలగాపులగమే కదా?" అన్నారు పోస్టర్ దగ్గర ఆగిన ఒక పెద్దాయన. నిజమే. స్వచ్ఛంగా రావాలంటే ఒక దారి కార్బన్ డయాక్సైడ్‌లోనే వేడిచేయడం. అలా చేస్తే రోజురోజుకీ పట్టు తగ్గింది. వేడి మీద అమీన్, కార్బన్ డయాక్సైడ్ కలిసి నీటిని వదిలేసి యూరియాగా ముడిపడుతున్నాయి. ఆ ముడి మామూలు వేడికి విడదు. వాయువులో తేమ ఉంటే అది పడదని 2010లోనే ఒట్టావాలో సయారీ, బెల్మబ్‌ఖూత్ చూపించారు. ఆ పేపరు నా ఫోల్డర్లోనే ఉంది, తెరవలేదు. నేనేమో వాయువును పనిగట్టుకుని ఆరబెట్టి పంపాను.

ఇంతకన్నా సిగ్గు పొడి రంగు విషయంలో. చల్లారకముందే మూత తీసేసేవాణ్ని. ఐదోసారికే గిన్నె అంచున పొడి లేత పసుపుగా మారింది. గిన్నె మురికనుకుని తోమాను. తర్వాత అది బెల్లం రంగుకొచ్చింది. వేడి మీద గాలి తగిలి అమీన్ ఆక్సీకరణం చెందుతోందని కళ్లెదుటే కనిపిస్తున్నా గ్రాఫునే నమ్మాను. పరవాడలోని సింహాద్రి లాంటి బొగ్గు ప్లాంటు పొగలో ఆక్సిజన్ ఉంటుంది, సల్ఫర్ డయాక్సైడ్ కూడా. గంటకోసారి పట్టి వదిలినా ఏడాదికి 8,760 సార్లు. నేను తిప్పింది ఐదు.

మరుసటి వేసవికి మళ్లీ మిల్లుకెళ్లాను.

"నిరుడు పట్టికెళ్లింది అయిపోనాదా బాబూ?"

"అయిపోలేదు, పాడైపోయింది."

"బూడిద పాడవడమేటి?" అంటూనే సంచి మూతి విప్పాడు.