ఆ కోళ్ళు నావే బాబూ!

ఈ వయసులో కంప్యూటర్ ఆటలేమిటని మీరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. మా వారూ అదే అన్నారు. కానీ కొడుకు డల్లాస్‌లో, మనం ఇక్కడ. ఫోన్లో "తిన్నావా?", "తిన్నాను", "చలిగా ఉందా?", "లేదు". అంతకు మించి మాట సాగదు. మీ ఇంట్లోనూ ఇదే తంతు కదూ? అందుకే వాడు పోయిన ఏడాది వచ్చినప్పుడు తన పాత లాప్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆట పెట్టి, "ఆదివారం పొద్దున్నే ఇందులో కలుద్దామమ్మా, అప్పటికి నాకు శనివారం రాత్రి" అంటే సరేనన్నాను.

తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఈ ఆటలో లోకమంతా చదరపు దిమ్మలే. తవ్వుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, పంటలు వేసుకోవచ్చు. 2009లో స్వీడన్‌లో మార్కస్ పెర్సన్ అనే ఆయన మొదలుపెట్టాడు. 2014లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు 250 కోట్ల డాలర్లు పోసి ఆ సంస్థనే కొనేశారు. మావాడూ, స్నేహితులు ఏడుగురూ కలిసి నెలనెలా డబ్బు కట్టి ఒక సర్వర్ అద్దెకు తీసుకున్నారు. అందరి ఇళ్ళూ ఉన్న ఊరు లాంటిదన్నమాట. ఆ ఊరి నడిమధ్య నాకూ కాస్త జాగా ఇచ్చారు.

జాగా ఇస్తే నేనూరుకుంటానా! ఇల్లు, పెరడు, కోళ్ళ గూడు. మేం శాకాహారులం, కానీ బొమ్మ కోళ్ళే కదా! గింజలు పెడితే పిల్లలు పుడతాయి. గుడ్డు విసిరితే సుమారు ఎనిమిదింట ఒక్కసారి పిల్ల వస్తుంది. విసురుతూనే ఉన్నాను. గుడ్లు వాటంతటవే వంటింటి పెట్టెలోకి రావడానికి హాపర్లనే గరాటుల్ని నలభై ఆరు వరసగా పేర్చాను. దీపావళికి చూరు చుట్టూ రెడ్‌స్టోన్ దీపాలు పెట్టి మిణుకు మిణుకుమనేలా చేశాను. పండగ వెళ్ళిపోయినా, ముచ్చటగా ఉన్నాయని వాటిని ఆపలేదు.

కొన్నాళ్ళకి ఆట మొరాయించడం మొదలైంది. తలుపు నొక్కితే ఆలోచించి ఆలోచించి తెరుచుకునేది. తవ్వేసిన దిమ్మ మళ్ళీ వచ్చి అక్కడే కూర్చునేది. మా నెట్ బాగాలేదనుకుని మా వారు ఎక్కువ స్పీడు ప్లాను తీసుకున్నారు. నెలకి మూడొందలు అదనం. ఏమీ మారలేదు.

ఒక ఆదివారం స్పీకర్లో ఓ కుర్రాడు ఇంగ్లీషులో కేకలేస్తున్నాడు. నేనున్నట్టు వాడికి తెలియదు. ఆ కోళ్ళ గోల వల్ల ఆట నిలిచిపోయి, తను లావాలో పడి చచ్చాడట. వజ్రాలన్నీ కాలిపోయాయట. "నావేరా, సారీ" అన్నాడు మావాడు. ఇంకొకడు, "మూడు వారాల్నించీ ఇదే మాట. తీసేస్తావా, నువ్వే వెళ్ళిపోతావా?" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. లాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి వెళ్ళాను. ఆ రోజు బెండకాయ వేపుడు మాడింది.

రాత్రి వాడికి ఫోన్ చేసి అడిగాను, "నాతో ఎందుకు చెప్పలేదురా?" అని.

"చెబితే ఆడ్డం మానేస్తావని."

అప్పుడు కూర్చోబెట్టి అంతా విడమర్చి చెప్పించుకున్నాను. సర్వర్ సెకనుకి ఇరవైసార్లు ఊరంతా చుట్టి రావాలట. ఒక్కో చుట్టుకి గడువు 50 మిల్లీసెకన్లు. ఏ కోడి ఎటు నడిచింది, ఏది దేన్ని నెట్టింది, ఏ గరాటులో ఏం పడింది, అన్నీ అది ప్రతి చుట్టులోనూ చూసుకోవాలి. ఇరుకు గూట్లో రెండొందల కోళ్ళు తోసుకుంటుంటే ఆ లెక్కలు ఎప్పటికి తెమిలేను? ఎనిమిది ఇళ్ళకీ ఒక్కతే వంటమనిషి అనుకోండి. ఒకరింట్లో రెండొందల మంది చుట్టాలు దిగితే మిగతా ఇళ్ళవాళ్ళకి అన్నం ఎప్పుడందుతుంది? మా చుట్లు ఇరవై నుంచి పదకొండుకి పడిపోయాయట. మీ పిల్లలు ఆడుతుంటే ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి. నెట్ నెమ్మదైనా, కంప్యూటర్ ముసలిదైనా ఇబ్బంది మనకొక్కరికే. అందరికీ ఒకేసారి ఆట ఈడిగిలపడితే బరువు సర్వర్ మీదున్నట్టు. ముందే తెలిస్తే మా మూడొందలు మిగిలేవి.

మర్నాటి వారం అందరూ ఉండగా మైకు నొక్కి, వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను, ఆ కోళ్ళు నావే బాబూ అని. కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆ లావా కుర్రాడే, "ఆంటీ, ముందు ఆ దీపాలు ఆపుదాం" అన్నాడు. దీపం వెలిగి ఆరిన ప్రతిసారీ చుట్టూ ఉన్న వెలుగుని సర్వర్ మళ్ళీ లెక్కేసుకోవాలట. ఒక మీట పెట్టించాడు, కావాలంటేనే వెలిగేలా. గరాటులు నోరు తెరుచుకుని పైన ఏమైనా పడిందా అని అస్తమానం వెతుక్కుంటూనే ఉంటాయి. అందుకని కోళ్ళ కిందవి వదిలేసి, దారిలో ఉన్న ప్రతిదాని మీదా కంపోస్టర్ అనే ఎరువు తొట్టి మూతలా బోర్లించాం. మూత పెడితే ఆ వెతుకులాట ఉండదు.

ఇక మిగిలింది కోళ్ళు. కత్తితో కొట్టేస్తే రెండు నిమిషాల పని అన్నారు పిల్లలు. నాకు చెయ్యి రాలేదు. బొమ్మవే, తెలుసు, అయినా రాలేదు. మావాడే ఉపాయం చెప్పాడు. దగ్గర్లో ఎవరూ లేని చోట ఈ ఆటలో కాలం నడవదట. ఏటి అవతల, ఊరికి దూరంగా దింపి వచ్చేస్తే అవి గుడ్లు పెట్టవు, పిల్లలు ఎదగవు, సర్వర్‌కి బరువే ఉండదు.

గింజలు చేత్తో పట్టుకుంటే కోళ్ళు వెంట వస్తాయి. కాస్త దూరమైతే ఆగిపోతాయి. అంచేత మెల్లిగా నడవాలి. పదేసి, పదిహేనేసి చొప్పున రెండు ఆదివారాలు పట్టింది. ముందు నేను, తప్పిపోయిన వాటిని వెనక నుంచి అదిలిస్తూ వాడు. ఆ నడకలో చెప్పాడు, క్యాంపస్‌లో చేసే చిన్న ఉద్యోగం సెప్టెంబరులోనే పోయిందని. రూమ్మేటు దగ్గర అప్పు చేశాడట. రాత్రిళ్ళు అన్నం మానేసి బ్రెడ్డు తింటున్నాడట. ఫోన్లో "తిన్నాను" అన్న రోజులవే అవి. నేను తిట్టలేదు. "అదిగో, ఆ తెల్లది వెనకబడింది చూడు" అన్నాను. సోమవారమే మా వారు డబ్బు పంపారు.

ఇప్పుడు గూట్లో పన్నెండు కోళ్ళున్నాయి. చుట్లు ఇరవైకి వచ్చాయి. లావా కుర్రాడికి వజ్రాలైతే ఇచ్చుకోలేను గానీ, గుమ్మడికాయ, పంచదార, గుడ్డు కలిపితే ఈ ఆటలో పంప్కిన్ పై తయారవుతుంది. పెట్టె నిండా గుడ్లే కదా, మూడు డజన్లు చేసి వాడి గుమ్మంలో పెట్టొచ్చాను. ఆదివారం నేను లోపలికి రాగానే వాడే అడుగుతాడు, "ఆంటీ, లైట్స్?" అని. వెళ్ళి మీట నొక్కుతాను.