వంతు

మా అపార్టుమెంటులో నలభై ఇళ్లున్నాయి. పోయిన ఆదివారం మీటింగుకి వచ్చినవాళ్లం నలుగురం. పైన ట్యాంకు కడిగించి ఏడాదైంది, ఆ నీళ్లే అందరం వాడుకుంటున్నాం. "మెయింటెనెన్సు కడుతున్నాం కదండీ, ఇంకా మేమెందుకు?" అన్నారొకాయన లిఫ్టులో. ఆ మాట నాలుగు రోజులుగా ముల్లులా గుచ్చుకుంటోంది.

ఇలాంటప్పుడే నాకు ఇజ్రాయెల్‌లో గలిలయ సముద్రం ఒడ్డున చాలా ఏళ్ల కిందట గడిపిన రెండు రోజులు గుర్తొస్తాయి. పేరుకు సముద్రమే గాని అది మంచినీటి సరస్సు. యొర్దాను నది అందులోంచి బయటికొచ్చే చోట 1910లో పదిమంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు కలిసి దెగానియా అనే తొలి కిబ్బుట్జ్ పెట్టారు. కిబ్బుట్జ్ అంటే అందరూ కలిసి బతికే ఊరు. పొలం ఉమ్మడి, కష్టం ఉమ్మడి, పండింది కూడా ఉమ్మడే. నేను దిగింది దానికి దగ్గర్లోనే ఉన్న మరో కిబ్బుట్జ్‌లో.

పొద్దున్నే భోజనశాలకి తీసుకెళ్లారు. బల్ల మీద టమాటాలు, కీరదోసకాయలు కొయ్యకుండా పెట్టి ఉన్నాయి. ఎవరి కూర ముక్కలు వాళ్లే సన్నగా తరుక్కుంటున్నారు. తొక్కలు వెయ్యడానికి బల్ల మధ్య ఒకే గిన్నె. దానికొక పేరు కూడా ఉంది, కొల్‌బోయ్‌నిక్. గిన్నెలు కడిగే చోట రబ్బరు ఏప్రన్ కట్టుకుని ఒక పెద్దాయన పళ్లేలు తోముతున్నాడు. ఆ ఊరి జమాఖర్చులన్నీ చూసేది ఆయనేనట. ఆ వారం ఆయన వంతు.

వంతు! ఎంత మంచి మాట. మా ఊళ్లో చెరువు నీళ్లకి వంతులుండేవి. అర్ధరాత్రి వంతొస్తే మా తాతగారు లాంతరూ పారా పట్టుకుని గట్టెక్కేవారు. తన మడి తడవగానే బోదె తెరిచి, నీళ్లు పక్క చేలోకి మళ్లించి, ఆ ఇంటి తలుపు తట్టి "ఒరే, మీ వంతొచ్చిందిరా" అని చెప్పి గాని పడుకునేవారు కాదు. ఎండాకాలం పూడిక తియ్యడానికి ఇంటికో మనిషి. ఇంట్లో మగదిక్కు లేకపోతే ఆ వంతు పక్కింటివాళ్లు మోసేవారు. ఆ చెరువులో ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచాయి. ఎవరింట్లో బోరు వాళ్లు వేసుకున్నారు, ఇక చెరువుతో పనేముంది?

కిబ్బుట్జ్‌లోనూ ఇలాంటి బెంగే ఒకటుండేది. ఒకప్పుడు ఎవరి గదిలోనైనా సొంతానికి టీ కెటిల్ ఉండొచ్చా అని సభలు పెట్టి వాదించుకున్నారు. బయటివాళ్లకి వింతగా ఉంటుంది. నాకు మాత్రం ఆ వాదన చాలా పెద్దదనిపిస్తుంది. గదిలో టీ కాచుకున్నవాడు సాయంత్రం భోజనశాలకి రాడు. రానివాడి ముఖం నాలుగు రోజుల్లో మరుపున పడుతుంది. కెటిల్ తరవాత ఫ్రిజ్, ఆ తరవాత టీవీ వచ్చాయి.

అక్కడంతా బాగుందని చెప్పను. పిల్లల్ని రాత్రిళ్లు అమ్మానాన్నల దగ్గర కాకుండా వేరే ఇళ్లలో పడుకోబెట్టిన పద్ధతి నాకు నచ్చలేదు, చివరికి వాళ్లూ మానేశారు. కొన్ని కిబ్బుట్జ్‌ల పొలాలు 1948లో అరబ్బులు వదిలిపోవలసి వచ్చిన ఊళ్లవి. అది మరిచి మెచ్చుకోవడం న్యాయం కాదు. 1980లలో అప్పులు మీద పడ్డాక చాలా కిబ్బుట్జ్‌లు ఉమ్మడి పద్ధతి సడలించాయి. 2007లో దెగానియా కూడా ఎవరి జీతం వాళ్లకనే దారికి వచ్చింది.

అయినా పళ్లేలు తోముతున్న ఆ పెద్దాయన చేతులు నా కళ్లముందు నుంచి పోవు. ట్యాంకు కడిగే మనుషులకి డబ్బులివ్వచ్చు. మూత తీసి లోపల ఎలా ఉందో చూడాల్సింది మాత్రం మనమే. వచ్చే ఆదివారం పదింటికి సెల్లారులో మళ్లీ మీటింగు. మీ అపార్టుమెంట్లోనూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది. దయచేసి కిందికి దిగి వెళ్లండి.