సూదిలో దారమెక్కించు కన్ను

మా యత్తగారికి మధుమేహము వచ్చి 14 ఏండ్లయినది. ఏటేట కన్నులు చూపించుకొనవలయునని వైద్యుడు చెప్పినపుడెల్ల ఆమె సూదియు దారమును దెప్పించి, ఒక్కమారే దారమెక్కించి, "ఈ కంటికా జబ్బు? ఆ డబ్బుతో పిల్లవానికి చొక్కా కుట్టింపుము" అనెడిది. నేనును నవ్వి యూరకుంటిని. అట్లు రెండేండ్లు గడచినవి. ఆ తప్పు నాది.

గత కార్తికమున నొక సాయంకాలము తులసికోటకడ దీపము పెట్టుచు, "అమ్మాయీ, ఎడమకంటికి తలవెండ్రుక లడ్డుపడుచున్నవి, తీయుము" అనెను. చూడగా వెండ్రుక లేవియు లేవు. తెల్లవారుసరికి ఆ కంటికి తెర దిగినది. లోపల నెత్తురు చిమ్మినదని కంటివైద్యురాలు చెప్పినది.

నొప్పియు మసకయు లేక యింత చేటెట్లు వచ్చినది? కంటిలోపల వెనుకవైపున రెటీనా యను పలుచని పొర కలదు. దానిని పోషించు సూక్ష్మ రక్తనాళములు వెండ్రుకకంటె సన్ననివి. ఏండ్ల తరబడి రక్తమున చక్కెర హెచ్చియుండుటచే వాని గోడలు చెడి, కొన్ని కారును, కొన్ని పూడిపోవును. పూడినవానికి బదులుగా క్రొత్తవి మొలచును గాని యవి మిక్కిలి పెళుసు. చిట్లినగాని వాని సంగతి మనకు దెలియదు. సూటిచూపునకు స్థానమైన నడిమిభాగము చెడనంతవరకు సూదిలో దారమెక్కును, బియ్యములో రాళ్లును గానవచ్చును.

ఇది మా యొక్క యింటి దౌర్భాగ్యమే యనుకొంటిని. కాదు. ప్రపంచమునందలి 35 పరిశోధనల ఫలితములను గలిపి 2012లో ప్రకటించిన లెక్కలో, మధుమేహము గల నూర్గురిలో సుమారు 35 మందికి రెటీనా చెడియుండెను. 10 మందికి చూపునకే ముప్పు. మన దేశమున 40 ఏండ్లు నిండినవారిని పరీక్షించి 2022లో తెలిపిన లెక్కలో నూటికి 12 మందికి పైగా నీ జబ్బున్నది. తక్కువయే గదా యని సంతసింపరాదు. దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు మించిరని 2023లో అంచనా వేసిరి. మధుమేహముండి గర్భము దాల్చిన సోదరీమణులు తొలిమాసములలోనే కన్నులు చూపించుకొనవలయును; ఆ కాలమున నీ జబ్బు త్వరగా ముదురవచ్చును.

అత్తగారి కుడికంటను గూడ జబ్బు కనబడినది, ఆమెకు దాని జాడయే తెలియదు. సకాలమున లేజరు చికిత్స జరుగుటచే ఆ కన్ను నిలిచినది. ఎడమకంటికి సగము చూపే మరలినది.

మావారికిని నిరుడు మధుమేహము బయటపడినది. "అక్షరములు చక్కగా కనబడుచున్నవి, తొందరయేమి?" అనిరి. "నేనును అట్లే అంటిని, నాయనా" అని అత్తగారు సూదిపెట్టె మూసివేసెను. మరునాడే పోయి చుక్కల మందు వేయించుకొని, పరీక్ష చేయించుకొని వచ్చిరి. ఆ పూట చూపు చెదరి పిల్లల జవాబు పత్రములు చదువలేకపోగా, నేను చదివి వినిపించితిని.