సెరా అంటే అవుతుందా, అయ్యుంటుందా?

మా ఆయన ఉద్యోగం కోసం మాడ్రిడ్ పక్కనున్న హెతాఫేకి వచ్చినప్పుడు నాకు వచ్చిన స్పానిష్ రెండే మాటలు, ఓలా, గ్రాథియాస్. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని ప్రభుత్వ భాషా పాఠశాలలో చేరాను. వర్తమానం గట్టెక్కింది. భూతకాలం రెండు రకాలుగా ఏడిపించింది. భవిష్యత్ కాలం దగ్గరికొచ్చేసరికి మేడమ్ నవ్వి, ఇది అన్నిటికన్నా తేలిక అంది.

బోర్డు మీద చూస్తే తేలికే. అప్పటిదాకా నేర్చుకున్న కాలాల్లో క్రియ చివర కత్తిరించి కొత్త ప్రత్యయం అతికించాలి. ఇక్కడ ఆ కత్తిరింపు లేదు. క్రియ మొత్తాన్నీ అలాగే ఉంచి ఏ, ఆస్, ఆ, ఏమోస్, ఏయిస్, ఆన్ తగిలిస్తే సరి. ఆబ్లార్ అంటే మాట్లాడటం, ఆబ్లరే అంటే మాట్లాడతాను. ఈ ప్రత్యయాలు ఒకప్పుడు విడి క్రియే. లాటిన్ మాట్లాడే జనం 'పాడాల్సి ఉంది' అన్నట్టు క్రియ వెనక ఇంకో క్రియ చేర్చేవారు, అది అరిగి అరిగి అతుక్కుపోయింది. మాట వినని క్రియలు ఓ డజను ఉన్నాయి. తెనేర్ తెంద్రే అవుతుంది, సాలిర్ సాల్ద్రే, పోదేర్ పోద్రే, అథేర్ ఆరే, దెథిర్ దిరే. వంట చేస్తూ వల్లించాను, బట్టలు మడతేస్తూ వల్లించాను, వచ్చేసింది.

చెవికి మాత్రం రాలేదు. ఊనిక చివర పడితే ఒక అర్థం, మధ్యలో పడితే ఇంకో అర్థం. మనకు దీర్ఘం తెలుసు గానీ ఊనికతో పనేముంది? పైగా ర ఒకటి. కేరేమోస్ అంటే 'మాకు కావాలి'. అదే ర మీద నాలుక గట్టిగా ఆడితే 'ముందు ముందు కావాల్సి వస్తుంది'. మన బండి ఱ పుస్తకాల్లో మిగిలింది గానీ నాలుక మీద ఎప్పుడో పోయింది.

ఆ ఫిబ్రవరిలో ఒక రాత్రి మా ఆయనకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకున్నాం. పదిన్నరకల్లా నొప్పి కుడివైపు కిందికి దిగింది, ఒళ్ళు కాలిపోతోంది, మనిషి నిటారుగా నిలబడలేకపోతున్నాడు. టాక్సీలో ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాను. ఆయన ఆఫీసులో అంతా ఇంగ్లీషే, స్పానిష్ నాకంటే తక్కువ. మాట్లాడాల్సింది నేనే.

కుర్ర డాక్టరు పొట్ట నొక్కి చూసి, వదిలి చూసి, నా వైపు తిరిగి "సెరా అపెందిథీతిస్" అన్నాడు. సెరా అంటే అవుతుంది. నేర్చుకున్నది అదే కదా! అవుతుందంటే ఇంకా కాలేదా, కాకుండా ఆపొచ్చా? అడుగుదామంటే మాట కూడలేదు. ఆయన "అబ్రా కే ఎస్పెరార్" అని ఇంకేదో చెప్పి వెళ్ళిపోయాడు. వేచి ఉండాలన్న ముక్క, స్కానింగ్ అన్న మాట, ఈ రెండే అందాయి.

అంతలో తెనాలి నుంచి అత్తయ్య ఫోన్. మాకు అర్ధరాత్రి, వాళ్ళకు తెల్లవారుజాము నాలుగున్నర. నేను పెట్టిన మెసేజ్ చూసినట్టున్నారు.

"ఏమంటున్నారమ్మా డాక్టర్లు?"

"అపెండిసైటిస్ అయ్యుంటుందంటున్నారు అత్తయ్యా. స్కానింగ్ తీస్తారట."

నోట్లోంచి ఆ మాట వచ్చాక గానీ నాకు తెలియలేదు, డాక్టరు అన్నది ఇదేనని. జరగబోయేది చెప్పలేదాయన, ఊహించి చెప్పాడు. 'ఈపాటికి ఇంట్లో ఉంటాడు' అంటే మనకూ రేపటి సంగతి కాదుగా! టైమెంతయిందో తెలియనప్పుడు స్పెయిన్ వాళ్ళు 'మూడవుతాయి' అన్నట్టు భవిష్యత్తులో చెబుతారు, మూడు అయ్యుంటుందని అర్థం. ఈ ముక్క మా పాఠంలో చివరి పేజీలో ఎక్కడో ఉంది, మేము అక్కడిదాకా వెళ్ళలేదు.

స్కానింగ్‌లో అపెండిక్స్ పగిలిందని తేలింది. ఈసారి వచ్చిన పెద్ద డాక్టరు "లో వామోస్ ఆ ఒపెరార్" అంది. ఆపరేషన్ చేయబోతున్నాం. అందులో ప్రత్యయాల పని లేదు, వెళ్ళడం అనే క్రియ పక్కన అసలు క్రియ పెట్టారంతే. చేయాలని నిశ్చయించుకున్న పని వాళ్ళు ఎక్కువగా ఇలాగే చెబుతారు. అంగీకార పత్రంలో 'పోద్రాన్' అన్న మాట కనబడింది, రావచ్చు అని. దాని పక్కన రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్. వంటింట్లో వల్లించిన మాటే. మా ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు, చదివింది నేను.

థియేటర్ బయట నర్సు వచ్చి "క్వాందో సాల్గా లా థిరుహానా" అని మొదలుపెట్టింది. నేను సాల్ద్రా కోసం కాచుకుని ఉన్నాను. సాల్గా అన్న మాట అంతకుముందు ఒక సెక్యూరిటీ మనిషి నోట విన్నాను, 'బయటికి వెళ్ళండి' అని. లేచి నిలబడ్డాను. పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తలుపు వైపు వేలు చూపించి, డాక్టరు కత్తి పట్టినట్టు అభినయించి, నడిచి వచ్చినట్టు రెండు వేళ్ళు ఆడించింది. సర్జన్ బయటికి వచ్చాక చెబుతారట. ప్రశ్నగా కాకుండా 'వచ్చినప్పుడు' అన్నట్టు వాడే క్వాందో తర్వాత, జరగాల్సిన పనికి భవిష్యత్ రూపం రాదు, వేరే రూపం వస్తుంది. అది ఇంకా పై తరగతి పాఠం.

తెల్లవారుతుండగా సర్జన్ వచ్చింది. ఆమె చెప్పినవన్నీ భవిష్యత్తులోనే ఉన్నాయి. కొన్నాళ్ళు ట్యూబ్ ఉంటుంది, జ్వరం ఉంటుంది, రేపు నీళ్ళు తాగగలడు. తెంద్రా, పోద్రా. అన్నీ అర్థమయ్యాయి. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఆయన కోలుకున్నాడు. నేను తర్వాతి తరగతిలో చేరాను.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్పానిష్ నేర్చుకుంటున్నవాళ్ళకు నేను చెప్పేదొకటే. ఆరు ప్రత్యయాల పట్టిక రెండో వారానికి వాయిదా వేయండి. ముందు వోయ్ ఆ, వామోస్ ఆ నోటికి పట్టనివ్వండి, బజారులో పని జరిగేది వాటితోనే. పట్టిక పట్టిన రోజే సెరా, ఎస్తరా, తెంద్రా అన్న మూడింటినీ మన 'అయ్యుంటుంది, ఉండి ఉంటాడు, ఉండే ఉంటుంది' పక్కన రాసుకోండి. మీ మాస్టారు చివరి పేజీ దాకా వెళ్ళకపోతే అడిగి మరీ చెప్పించుకోండి.