బాబాయి జీపు... ఓ టర్బో గొడవ

మా బాబాయి ఇంట్లో ఆరు నెలలపాటు ఒకటే గొడవ. ఆస్తి గొడవ కాదు, పెళ్లి గొడవ అంతకన్నా కాదు. జీపుకి టర్బో పెట్టించాలా వద్దా... అదీ సంగతి! పెట్టించి తీరాలంటాడు తమ్ముడు. 'డబ్బులు ఎక్కువైపోయాయా' అంటుంది పిన్ని. బాబాయేమో ఏదీ తేల్చడు. చివరికి ముగ్గురూ కలిసి నామీద పడ్డారు. 'పేపర్లో పనిచేస్తున్నావు కదరా, నలుగుర్నీ అడిగి కనుక్కో' అని. పేపర్లో పనిచేసేవాడికి లోకంలో తెలియని విషయం ఉండదని మావాళ్లకో గట్టి నమ్మకం.

ముందు ఆ జీపు గురించి చెప్పాలి. మహీంద్రా ఎంఎం 540. నాలుగు చక్రాలకీ శక్తి అందే డీజిల్ బండి. ఇంజన్ ఫ్రాన్స్‌కి చెందిన ప్యూజో డిజైను. 2,112 సీసీ, 62 హార్స్ పవర్. టర్బో లేని పాతకాలం ఇంజన్. బాబాయిది ఎస్.కోట. సంతల్లో గిన్నెలు అమ్ముతాడు. సత్తు డేగిసాలు, స్టీలు బిందెలు, మూకుళ్లు, గరిటెలు. 1991లో జీపు కొన్నప్పట్నుంచీ వారం వారం సరుకు వేసుకుని, అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు సంతకి వెళ్లొస్తున్నాడు. మైదానంలో ఆ బండికి తిరుగులేదు. బురదలోనూ తిరుగులేదు. ఘాట్ మొదలైందంటే మాత్రం రొప్పుతుంది. మూడో గేరు, రెండో గేరు, నిండు లోడుతో పెద్ద మలుపు వస్తే ఒకటో గేరు. వెనకాల లారీల హారన్లు. పక్కనుంచి రయ్యిన దూసుకుపోయే టూరిస్టు కార్లు.

నెమ్మదిగా వెళ్తే మునిగిపోయేదేముంది అనుకుంటాం. ఉంది. సంతలో మంచి చోటు దొరకాలంటే ఏడింటికల్లా అక్కడుండాలి. అంటే తెల్లారగట్ల మూడున్నరకే బయల్దేరాలి. బాబాయికిప్పుడు 68. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోదానికి చేయించాలి. ఎదురుగా వచ్చే బండి లైట్లు పడితే కాసేపు రోడ్డే కనిపించడం లేదని ఓసారి పిన్నితో అన్నాడట. ఆ మాట పిన్ని తమ్ముడికి చెప్పింది. సంత మానేయమంటే బాబాయి వినడు. మరి చీకట్లో వెళ్లకుండా ఉండాలంటే? బండి వేగంగా ఎక్కాలి. బండి వేగంగా ఎక్కాలంటే టర్బో. ఇదీ తమ్ముడి లెక్క. పైకి కుర్రాడి సరదాలా కనిపించినా వాడి అసలు బెంగ నాన్న కళ్లు.

ఇంతకీ టర్బో ఏం చేస్తుంది? కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే దాదాపు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. మామూలు ఇంజన్ తన పిస్టన్లతో తానే గాలి పీల్చుకుంటుంది. పీల్చినంతే ప్రాప్తం. అంతకు మించి డీజిల్ పోస్తే నల్లటి పొగ తప్ప ఒరిగేదేమీ లేదు. పైగా ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తులో ఇంచుమించు పదో వంతు తగ్గిపోతుంది. మనం ఆయాసపడ్డట్టే ఇంజనూ ఆయాసపడుతుందన్నమాట. టర్బో ఏం చేస్తుందంటే, సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగతోనే ఓ చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని లాగి, ఒత్తిడితో ఇంజన్‌లోకి తోస్తుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయి. మధ్యలో ఇరుసుని మోసేది పల్చటి ఆయిల్ పొర!

దీని మీద స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బుషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. కొండకీ టర్బోకీ చుట్టరికం కూడా పాతదే. అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజినీరు 1918లో ఓ విమానం ఇంజన్‌ని పైక్స్ పీక్ అనే 14 వేల అడుగుల కొండ మీదికి మోసుకెళ్లి మరీ పరీక్షించాడు. కింద 350 హార్స్ పవర్ ఇచ్చే ఇంజన్ పైన 230కి పడిపోయింది. టర్బో తగిలించాక 356 ఇచ్చింది. ఇది చెప్పగానే తమ్ముడి మొహం వెలిగిపోయింది. 'చూశావా అన్నయ్యా, నేను చెప్పలే!' ఆస్ట్రేలియాలో పాత ల్యాండ్‌క్రూజర్లకు ఎంతోమంది ఇలాగే కిట్లు కొని పెట్టించుకుంటారని వాడు వీడియోలు కూడా చూపించాడు. నిజమే. 4.2 లీటర్ల, ఆరు సిలిండర్ల టయోటా 1హెచ్‌జెడ్ ఇంజన్‌కి అక్కడ అదో పెద్ద వ్యాపారం.

కానీ ఆ వీడియోల్లో కనపడని ముక్క ఒకటుంది. అదే కుటుంబంలో టయోటా తానే టర్బో ఇంజన్ చేయాలనుకున్నప్పుడు, పాతదానికి టర్బో తగిలించి ఊరుకోలేదు. డీజిల్ చిమ్మే పద్ధతి మార్చింది. 22 పైచిలుకు ఉన్న కంప్రెషన్ నిష్పత్తిని 18.6కి దించింది. ఎందుకంటే గాలిని ముందే ఒత్తి పంపుతున్నప్పుడు, సిలిండర్‌లో మళ్లీ అంతగా ఒత్తితే హెడ్డు, గాస్కెట్, పిస్టన్ అన్నీ ఆ భారం మోయాలి. బాబాయి జీపు ఇంజనూ ఆ పాత తరహాదే. ఎక్కువ కంప్రెషన్‌తో, తన ఊపిరి తాను పీల్చుకోవడానికి పుట్టింది.

విశాఖ ఆటోనగర్‌లో ఓ మేస్త్రీ ఉన్నాడు. ఇలాంటి జీపుల మీదే ముప్పై ఏళ్లుగా చేయి తిరిగినవాడు. చాలా ఏళ్ల కిందట తాను టర్బో పెట్టిన జీపు ఒకటి చూపించి, 'మాటలెందుకు సార్, ఎక్కి చూడండి' అన్నాడు. దాని ఓనరు నన్ను సింహాచలం ఘాట్‌కి తీసుకెళ్లాడు. మొదట ఏ తేడా లేదు. యాక్సిలరేటర్ కాస్త నొక్కాక బానెట్ కిందనుంచి సన్నగా ఈల వినపడింది. ఆ వెంటనే ఎవరో వెనకనుంచి చేత్తో నెట్టినట్టు బండి ముందుకు పోయింది. మూడో గేరులో మలుపు తిరిగింది! అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. అయితే ఓ విషయం గమనించాను. డాష్‌బోర్డు మీద కొత్తగా రెండు మీటర్లున్నాయి. ఒకటి గాలి ఒత్తిడిది, రెండోది సైలెన్సర్ వైపు వెళ్లే పొగ వేడిది. ఆ రెండో ముల్లు 650 డిగ్రీలు దాటుతుంటే ఓనరు కాలు తీసేస్తున్నాడు. రోడ్డునెంత చూస్తున్నాడో ముల్లునీ అంతే చూస్తున్నాడు. పైకి చేరాక ఇంజన్ వెంటనే ఆపలేదు. రెండు నిమిషాలు ఊరికే నడవనిచ్చాడు. కాలిపోతున్న టర్బోలో ఆయిల్ ప్రవాహం ఠక్కున ఆగిపోతే అది మాడి గట్టకట్టుకుంటుందట. ఒక కన్ను మసగ్గా ఉన్న బాబాయి చేతికి ఈ ముల్లు కూడా అప్పగించాలా అనిపించింది.

చట్టం సంగతీ చూడాలి కదా. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఓనరుకు 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదంటే రెండూ అని పెట్టారు. పదిహేనేళ్లు దాటిన సొంత బండి రిజిస్ట్రేషన్‌ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తితే టర్బో దాచేదేం కాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడానికీ అదే సాకు. ముప్పై ఏళ్లకు పైగా కాగితాలన్నీ సక్రమంగా నడిపిన మనిషి బాబాయి. ఇదంతా ఫోన్లో చెబితే తమ్ముడు 'ఎవరు చూస్తారన్నయ్యా' అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబుంది కానీ, వాడు వినే స్థితిలో లేడు.

అందుకని అందరం జీపులోనే ఆటోనగర్ వెళ్లాం. మేస్త్రీ బానెట్ ఎత్తి చాలాసేపు విన్నాడు. మూలనున్న డబ్బాలోంచి ఓ పాత పిస్టన్ తీసి బాబాయి చేతిలో పెట్టాడు. దాని నెత్తిన ఓ పక్క కరిగి గుంట పడి ఉంది. టర్బో పెట్టించుకుని, బలం చాల్లేదని పంపులో డీజిల్ పెంచుకున్న ఎవరిదో బండిదట.

బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. గోటితో గీరాడు. 'ఇది సత్తు కదూ?' అన్నాడు.

'సత్తే బాబూ. మీరమ్మే సరుకే. కాస్త వేరేవి కలుపుతారంతే.'

అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సిలిండర్‌లో మంట అంతకంటే ఎన్నో రెట్లు వేడి. అయినా పిస్టన్ నిలబడుతోందంటే, ఆ వేడిని నీళ్లూ ఆయిలూ ఎప్పటికప్పుడు లాగేస్తున్నాయి కాబట్టే. ఇదంతా నేను వివరించబోతుంటే బాబాయి చేత్తో ఆపాడు. 'నీళ్లు లేకుండా పొయ్యి మీద పెట్టిన డేగిసా ఏమవుతుందో నాకు చెప్పాలేంట్రా?' అన్నాడు. తర్వాత టర్బో మాట ఎత్తలేదు.

తమ్ముడు మాత్రం వదల్లేదు. తక్కువ ఒత్తిడితో, జాగ్రత్తగా పెడితే నిలుస్తుంది కదా అని మేస్త్రీని నిలదీశాడు. 'నిలుస్తుంది' అని ఆయన నిజాయితీగానే ఒప్పుకున్నాడు. 'ఘాట్లో ఓ అరగంట కలిసొస్తుంది.' ఖర్చెంతో కూడా చెప్పాడు. జీపు అమ్మితే వచ్చే డబ్బులో సగం. అప్పటిదాకా స్టూలు మీద మౌనంగా కూర్చున్న పిన్ని అప్పుడు నోరు విప్పింది. 'మూడున్నరకి బదులు నాలుగింటికి బయల్దేరతారు. నాలుగింటికి తెల్లారుతుందేంట్రా?'

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. ఆరు నెలలుగా ఆ చిన్న లెక్క మాలో ఎవరమూ వేయలేదు మరి!

ఆ రోజు జీపుకి జరిగిన వైద్యం వేరు. నాజిల్స్ విప్పి పరీక్షించారు. నాలుగింటిలో రెండు డీజిల్‌ని తుంపరగా చిమ్మే బదులు ధారగా కారుస్తున్నాయి. పంపు కాలిబ్రేషన్‌కి పంపారు. ట్యాపెట్లు సరిచేశారు. ఎయిర్ ఫిల్టర్ గిన్నెలో ఆయిల్ బురదలా ఉంటే కడిగి కొత్తది పోశారు. పోగొట్టుకున్న బలం కొంత అక్కడే దొరికింది. మిగతాది పిన్ని చెప్పిన ఉపాయంతో. అరకులో సంతకి దగ్గరగా ఓ చిన్న గది అద్దెకు తీసుకున్నారు. నెలకోసారి పగటిపూట వ్యానులో సరుకు పైకి చేరుతుంది. గది ఇచ్చినవాళ్ల అబ్బాయి ఏడింటికే పట్టా పరిచి చోటు పట్టి ఉంచుతాడు.

ఇప్పుడు బాబాయి ఐదున్నర దాటాకే బయల్దేరుతున్నాడు, దాదాపు ఖాళీ జీపుతో. మొన్న నేనూ వెంట వెళ్లాను. అనంతగిరి దాకా ఒకటో గేరు అవసరమే రాలేదు. దారిలో ఓ చోట ఆపి, వెనకాలొచ్చిన నాలుగు లారీలకూ దారిచ్చి, కాఫీ తోటల పక్కన నిలబడి టీ తాగాం. తమ్ముడు ప్రస్తుతం రెండో కన్ను ఆపరేషన్‌కి తేదీ తీసుకునే పనిలో ఉన్నాడు. సంత లేని రోజు చూసి పెట్టమని బాబాయి షరతు!