కడంబూరు స్టేషన్ నుంచి రైల్‌భవన్ దాకా

రైల్వేలో పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్‌కీ మంత్రికీ మధ్య మెట్లు చాలా. సీనియర్ సెక్షన్ ఇంజనీరు, అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు, డివిజనల్ రైల్వే మేనేజర్, జనరల్ మేనేజర్, రైల్వే బోర్డు: కింది మాట పైకి చేరాలంటే ఇన్ని బల్లలు దాటాలి. సోషల్ మీడియా ఈ దూరాన్ని ఎంత తగ్గించిందో చూడాలంటే పెద్ద కార్యాలయాలకన్నా కడంబూరు వంటి చిన్న స్టేషనే మేలు.

కోవిల్‌పట్టికి దక్షిణాన, తూత్తుకుడి జిల్లా నల్లరేగడి నేలల మధ్య ఉన్న ఈ స్టేషన్ మదురై డివిజన్‌లోది. విరుదునగరం నుంచి తిరునెల్వేలి వెళ్లే దారిలో వాంచి మణియాచ్చికి ముందు వస్తుంది. ప్రయాణికులకు ఇక్కడి పోళీలు బాగా తెలుసు. చుట్టుపక్కల పల్లెల్లో ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇలాంటి స్టేషన్‌ను నడిపేది కొద్దిమందే. స్టేషన్ మాస్టర్, పాయింట్స్‌మన్, పట్టాల వెంట సుత్తి, పానా, ఎర్ర పచ్చ జెండాలు పట్టుకుని తన బీటు నడిచే కీమ్యాన్. పట్టాల మీద ఫోన్‌లోకి తల వంచితే ప్రాణానికే ముప్పు. ఇక్కడ ఆగకుండా దూసుకుపోయే బండ్ల లోకో పైలట్లు డ్యూటీలో సొంత ఫోన్ ఆపేయాల్సిందే. పైవారు పెట్టిన పోస్టును అప్పటికప్పుడు చదివి జవాబు రాయగలిగేది కుర్చీలో కూర్చునే ఉద్యోగి మాత్రమే. ఎండలో నడిచేవాడికి అది డ్యూటీ దిగాకే.

2014 నవంబరులో రైల్వే మంత్రి అయిన సురేష్ ప్రభు హయాంలో ట్విటర్‌కు పెద్దపీట పడింది. బోగీ నుంచి ప్రయాణికుడు రాసిన ఫిర్యాదు రైల్వే శాఖ కేంద్ర కార్యాలయం రైల్‌భవన్‌కు నేరుగా చేరి, తరువాతి స్టేషన్‌లోనే సాయం అందిన సందర్భాలు ఎన్నో. ఉద్యోగికి మాత్రం ఆ దారి అంత తేలిక కాదు. 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించడాన్ని నిషేధిస్తుంది. ప్రయాణికుడు రాస్తే ఫిర్యాదు, అదే మాట ఉద్యోగి రాస్తే క్రమశిక్షణ ఉల్లంఘన కావచ్చు. అయితే 2016 జూన్‌లో ఉద్యోగుల, పింఛనుదారుల సర్వీసు సమస్యలకు ‘నివారణ్’ అనే ప్రత్యేక పోర్టల్ తెచ్చారు. అదే ఏడాది నవంబరులో సూరజ్‌కుండ్‌లో జరిగిన రైల్ వికాస్ శిబిర్ కోసం దాదాపు 13 లక్షల సిబ్బంది నుంచి సూచనలు కోరితే లక్షకు పైగా వచ్చాయి. ఇంతమంది నోరు విప్పడమే గొప్ప సంగతి. కానీ ఏ సూచన ఏమైందో రాసినవాడికి తెలియకపోతే, రెండోసారి అతను రాయడు.

అడిగినవాడికి జవాబు కనిపించాలన్న ఈ కిటుకు బాగా పట్టుకున్నది ఐటీ సంస్థ హెచ్‌సీఎల్. 2005లో హెచ్‌సీఎల్ టెక్నాలజీస్ పగ్గాలు అందుకున్న వినీత్ నాయర్ ‘యు అండ్ ఐ’ అనే అంతర్గత వేదిక పెట్టారు. ఉద్యోగులు వేసిన ప్రశ్నా, పైవారి జవాబూ సంస్థలో అందరికీ కనిపించేవి. తరువాత తనకు తెగని సమస్యలను కూడా ఆయన అక్కడే ఉద్యోగుల ముందుంచారు. అడగడం రెండు వైపులా నడవాలన్న ఈ పద్ధతి నిజంగా ధైర్యమైనది.

తెలుగునాట దగ్గరి ఉదాహరణ తెలంగాణ ఆర్టీసీ. 2021 సెప్టెంబరులో ఎండీగా వచ్చిన వి.సి. సజ్జనార్ సిబ్బంది మంచిపనులను ట్విటర్‌లో లోకానికి చూపేవారు. సిబ్బందిపై దాడులు జరిగితే అక్కడే ఖండించేవారు. 2024 జూన్‌లో కరీంనగర్ బస్‌స్టేషన్‌లో గర్భిణికి పురుడు పోసిన సిబ్బందిని సంస్థ ప్రధాన కార్యాలయం బస్‌భవన్‌కు పిలిచి సత్కరించారు. పుట్టిన పాపకు జీవితకాల ఉచిత బస్‌పాస్ ప్రకటించారు. ఊడ్చే చీపురు పట్టిన చేతులకు ఎండీ స్థాయిలో గుర్తింపు దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఇక్కడ ఎక్కువగా బయటికి కనిపించేది మెచ్చుకోలు. డ్యూటీ గంటలు, సెలవులు, బదిలీల గొడవ అలా బాహాటంగా సాగదు.

ఆ గొడవలకు రైల్వేలో యూనియన్లతో అధికారులు కూర్చునే పీఎన్‌ఎం (పర్మనెంట్ నెగోషియేటింగ్ మెషినరీ) సమావేశాలు దశాబ్దాలుగా ఉన్నాయి. అక్కడ ప్రతి అంశానికీ ఒక నంబరు, దానికి అధికారి రాతపూర్వక జవాబు ఉంటాయి. అంశం తెగేదాకా మినిట్స్‌లో కొనసాగుతుంది. ఫోన్‌లో వచ్చే కొత్త వేదికలకు కావలసినవి ఇవే: నంబరు, గడువు, అందరికీ కనిపించే జవాబు. కడంబూరు వరకు వస్తే, ఆ జవాబు తమిళంలో ఉండాలి, ఉత్తరాది నుంచి వచ్చిన ట్రాక్‌మన్‌కు హిందీలో ఉండాలి, నైట్ డ్యూటీ దిగాక చదువుకునేలా ఉండాలి.