ఒక 'యు' కనబడలేదు



మన సర్వర్‌లో రెండు డిస్కులున్నాయి. ఒకదాంట్లో రాసింది అప్పుడే రెండోదాంట్లోనూ పడుతుంది. రైల్వేలో కార్బన్ పెట్టి రాసినట్టే కదా అని మేము నిశ్చింతగా ఉండిపోయాం. పెద్దల చేతిరాత పుస్తకాలు, పెళ్ళి రిజిస్టర్లు స్కాన్ చేసి పెట్టింది అందులోనే. అసలు కాగితాల్లో సగం చెదలు తినేశాయి. బడిలో అరవం చదివిన మావంటివాళ్ళం కూడబలుక్కొని చదివే అక్షరాలవి. పోతే మళ్ళీ రాసేవాళ్ళు లేరు.

పోయిన నెల మన పిల్లల్లో ఒకడు ఎండీస్టాట్ తెరిచి చూపించాడు. రెండు డిస్కులూ బాగుంటే బ్రాకెట్లలో రెండు 'యు'లుండాలి. కనబడింది ఒక 'యు', పక్కన ఒక గీత. ఒక డిస్కు ఎప్పుడో పోయింది. సర్వర్ నడుస్తూనే ఉంది కాబట్టి మాకెవరికీ తెలియలేదు. పాడైతే మెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు, పెట్టలేదు. తప్పు మాదే.

ముందు బయటి డిస్కుకు నకలు తీశాం. కొత్తదాన్ని నింపడానికి పాతదాన్ని మొదటినుంచి చివరిదాకా చదవాలి. ఆ శ్రమలో అదీ పోవచ్చు. నకలు చేతికొచ్చాకే కొత్త డిస్కు వేశాం.

ఒక మాట. జంట డిస్కులు బ్యాకప్ కాదు. పొరపాటున ఒక ఫైలు చెరిపితే రెండింట్లోనూ పోతుంది.

ఇక ప్రతి నెలా మొదటి ఆదివారం రెండు 'యు'లు, స్మార్ట్ పట్టికలో 5, 197 నంబర్ల లెక్కలు చూసి రిజిస్టర్‌లో సంతకం పెడతాం. చెడిన చోట్లు, చదవలేని చోట్లు అక్కడే తెలుస్తాయి.

మీ ఇళ్ళలో పెద్దల రాతలుంటే తెచ్చివ్వండి. ఈసారి కనిపెట్టుకొని ఉంటాం.